గోలెం పక్కన వాలిన పురుగు

నల్లగొండ

బిడ్డా,

దీవుల్లో క్రేన్ ఫ్లై పురుగుల రకాల మీద నువ్వు రాసిన వ్యాసం చేరి పదిహేను రోజులైంది. మొదటిసారి చదివి పక్కన పడేసిన. రెండోసారి చదివినప్పుడు చివరి పేజీ కాడ ఆగిపోయిన. ‘గోలెం పక్కన గోడ మీద వాలిన పెద్దదోమను చీపురుతో కొట్టబోతే నానమ్మ నా చెయ్యి పట్టుకుంది. అది కుట్టదే, పోనియ్యి అన్నది.’ ఈ మాటలు రాయగలిగిన పిల్ల ముందరి పదకొండు పేజీలు అట్ల ఎందుకు రాసింది? ఆ కోపంతోనే ఈ ఉత్తరం మొదలుపెట్టిన.

రెండో పేజీ చూడు. క్రేన్ యంత్రం చేతుల్లాంటి పొడుగు కాళ్ళున్నందుకు ఈ పెద్దదోమకు క్రేన్ ఫ్లై అనే పేరొచ్చిందని రాసినవ్. క్రేన్ అంటే ముందు పక్షి, మన కొంగ లాంటి పొడుగు కాళ్ళ పక్షి. యంత్రానికి సుత ఆ పక్షి పేరే పెట్టిండ్రు. చెరువుకట్ట మీద కొంగల్ని చూసుకుంట పెరిగినదానివి నువ్వు. నీకు పోలిక చేతి కాడనే ఉంటే ఇనుప యంత్రం ఎట్ల గుర్తొచ్చింది? మూడో పేజీలో ఇంకా ఘోరం, ‘రక్తం పీల్చే దోమ జాతి’ అన్నవ్. దోమకు దూరపు చుట్టమే, కాదనను. కానీ కుట్టే ముల్లు దానికి లేదు. చాలా రకాలు పెద్దయినంక తినేదే తక్కువ, బతికేదీ కొన్ని రోజులే. మీ నానమ్మకు తెలిసిన ముచ్చట నీకెందుకు తెలియలేదు? ఆమె చూసింది కాబట్టి ఆమెకు తెలుసు. నువ్వు చదివినవ్, చూడలేదు.

ఆరుద్ర కార్తెలో వాన పడ్డ రాత్రి లైటు కింద గోడ మీద వాలుతుంది. గాజు గ్లాసు మెల్లగ బోర్లించు. కాళ్ళు ముట్టకు, ముట్టుకుంటే ఊడొస్తాయి. కాలు వదిలేసి పారిపోవడం దానికి అలవాటు. రెండే రెక్కలు. వాటి వెనుక రెండు సన్నని పుల్లలు, కొనలకు గుండుసూది తలల్లాంటి బుడిపెలు. ఎగిరేటప్పుడు తూకం తప్పకుండా కాపాడేవి అవే. ఈగకు సుత ఉంటాయి కానీ చిన్నవి, రెక్కల కింద దాగి ఉంటాయి. దీనికి ఉట్టి కంటికే కనిపిస్తాయి. వీపు మీద ఇంగ్లీషు వి అక్షరం లాంటి గాటు చూడు. తోక మొద్దుగా ఉంటే మగది, సూదిగా ఉంటే గుడ్లు పెట్టే ఆడది. ఇవన్నీ నీ కళ్ళతో చూసినంక దీవుల దాకా పో.

దీవుల గురించి నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ద్వీపం అంటే చుట్టూ నీళ్ళున్న నేల అని చిన్నప్పుడు బడిలో చదివినం. ఈ పురుగు లెక్క వేరు. దానికి ద్వీపం అంటే చుట్టూ ఎండిన నేల, నడుమ తడి ఉన్న చోటు. పిల్ల పురుగు పెరిగేది తడి మన్నులో, నాచులో, కుళ్ళిన దుంగలో, వాగు అంచున. పెద్దదానికి సన్నని ఒళ్ళు, ఎండ తగిలితే తొందరగా ఎండిపోతుంది. అందుకే హవాయి లాంటి దీవిలో ఈశాన్యం గాలి మేఘాల్ని మోసుకొచ్చి కొండకు కొట్టే దిక్కున వెతకాలి. కొండకు అవతలి ఎండు దిక్కున ఎంత తిరిగినా చేతికి చిక్కేది తక్కువ. నువ్వు మాత్రం దీవుల వైశాల్యం, తీరం పొడవు లెక్కలు నాలుగు పేజీలు రాసినవ్. కొండ ఎత్తు ఎక్కడా లేదు, వాన లేదు, నాచు లేదు.

నాగార్జునకొండకు పోయినవా? 1955లో పునాది రాయి పడ్డ సాగర్ ఆనకట్ట పూర్తయినంక లోయ మునిగింది, కొండ ద్వీపమైంది. నేను ఒక ఎండాకాలం లాంచీలో పోయిన. చుట్టూ కంటికి ఆనినంత నీళ్ళు, కాళ్ళ కింద మాత్రం ఎండిన గడ్డి, ముళ్ళ చెట్లు. అన్ని నీళ్ళ నడుమ ఉండి ఆ నేల ఈ పురుగు పిల్లకు ఏం పెడుతుంది? అదే మీ అచ్చంపేట నుంచి శ్రీశైలం బస్సెక్కి వటవర్లపల్లిలో దిగి, అడవిలోకి పోయి మల్లెలతీర్థం మెట్లు దిగు. పైన నల్లమల ఎండి పెళపెళమంటుంటే కింద బండలకు నీళ్ళు కారుతుంటాయి. అక్కడ ఒక బండ చాటున సాలెగూడు పోగుకు ఇరవై దాకా ఈ పురుగులు వరుసగా వేలాడుతుంటే చూసిన. ముందు కాళ్ళతో పోగు పట్టుకుని అన్నీ పైకీ కిందికీ ఊగుతున్నాయి. సాలెపురుగు అదే గూట్లో ఉంది, వాటిని ముట్టలేదు. గంటసేపు తడి రాతి మీద కూర్చున్న, లేచేసరికి కాళ్ళు తిమ్మిరెక్కినయి. నా లెక్కలో ద్వీపం అదీ.

ఇక ఏ దీవిలో ఎన్ని రకాలని నువ్వు వేసిన పట్టిక. ఒక దీవి పక్కన పెద్ద అంకె, ఇంకో దీవి పక్కన చిన్న అంకె వేసి, రెండోదాంట్లో వైవిధ్యం తక్కువ అని తేల్చేసినవ్. అంకె ఎట్ల పుట్టిందో అడిగినవా? ప్రపంచంలో ఇప్పటిదాకా పేరు పెట్టిన ఈ పురుగు రకాలు 15,000 పైనే. అందులో సుమారు 11,000 రకాలను వర్ణించింది ఒక్క మనిషి, అమెరికాలోని చార్లెస్ అలెగ్జాండర్. 1889లో పుట్టి 1981లో పోయిండు. రోజుకొకటి చొప్పున, ఒక్క రోజు సెలవు లేకుండా రాసినా ముప్ఫై ఏండ్ల పని అది. ఆయన భార్య మేబెల్ ఆ పనిలో జీవితాంతం తోడున్నది, నీ వ్యాసంలో ఆమె పేరు లేదు. ఎక్కడెక్కడి దేశాల నుంచో జనం పట్టి పంపిన పురుగులను ఆయన బల్ల మీద పెట్టుకుని చూసిండు. అంటే ఎవరో ఒకరు వల పట్టుకుని ఎక్కిన కొండకే ఆ జాబితాలో చోటు దొరికింది. ఎవరూ ఎక్కని కొండ పక్కన పడ్డ చిన్న అంకె చూసి అక్కడ పురుగులు తక్కువంటే ఎట్ల నమ్మాలె?

శ్రీలంకను, హవాయిని ఒకే గాట కట్టడం సుత పొరపాటే. సముద్రం మట్టం దిగిన కాలంలో శ్రీలంక మన నేలతో కలిసి ఉండేది, అక్కడికి నడక మీదనే దారి. హవాయి నడి సముద్రంలో నిప్పుకొండల నుంచి లేచిన నేల. దగ్గరి ఖండానికి నాలుగు వేల కిలోమీటర్ల దరిదాపు దూరం. ఎగరడం సరిగ్గ రాని ఈ పురుగు గాలికి కొట్టుకొచ్చో, తేలే దుంగలో పిల్లగానో వచ్చి ఉండాలె. వచ్చినవి తక్కువే, కానీ వచ్చినంక కొత్త బతుకు నేర్చినయి. అక్కడ డైక్రనోమియా అనే ప్రజాతిలో కొన్నిటి పిల్లలు పచ్చని ఆకు లోపలనే సొరంగం తొవ్వుకుని బతుకుతాయి. నాచులో, బురదలో పెరిగే వంశం ఆకులోకి చేరింది! దీన్ని నువ్వు ఒక్క లైనులో దాటేసినవ్. నేనైతే వ్యాసమంతా ఆ ఆకు మీదనే రాస్తును.

‘మీకు తెలుసా?’ అని మొదలుపెట్టడం కొట్టెయ్యి. ఇప్పుడు అందరూ అట్లనే మొదలుపెడుతున్నరు, పరీక్ష పేపరు చేతికిచ్చినట్టు. ‘ద్విపక్షక కీటక సముదాయ వైవిధ్య విస్తరణ’ అన్న శీర్షిక సుత తీసెయ్యి. అది మీ నానమ్మకు చదివి వినిపించగలవా?

శీర్షిక అంటే నాకు ఒక పాత గాయం యాదికొస్తది. ముప్ఫై ఏండ్ల కింద ఈ పురుగు మీదనే ఒక వ్యాసం రాసిన. కార్బన్ పేపరు పెట్టి రెండు ప్రతులు రాసి, ఒకటి బస్సులో పట్నం తీసుకుపోయి ఒక పత్రికలో ఇచ్చొచ్చిన. ఆదివారం పేపరు తెరిస్తే ‘రాకాసి దోమ’ అని శీర్షిక. లోపల నేను రాసిన ‘ఇది కుట్టదు’ అన్న వాక్యం స్థలం చాలక కోసేసిండ్రు. వారం తిరగకముందే మా వాడకట్టు మనిషి ఒకాయన వచ్చి, సార్ మీరు రాసింది చదివి బాత్రూములో ఉన్నయన్నీ మందు కొట్టి చంపినం అన్నడు. సంతోషంగా చెప్పిండు. ఆ రాత్రి అన్నం సహించలేదు. సంపాదకునికి మూడు ఉత్తరాలు రాసిన, జవాబు రాలేదు. మళ్ళీ ఆ పత్రిక గడప తొక్కలేదు. ఏ పత్రికకు పంపాలని అడిగినవ్ గదా, ఆ సంగతి నన్ను అడగకు. కలం పేరు సంగతి సుత.

వచ్చే వానాకాలం మల్లెలతీర్థం పో, ఒక్కదానివి కాదు, అడవి తెలిసిన చెంచు పెద్దలెవరినైనా వెంట తీసుకుపో. ఆ బండ కాడ కూర్చుని, వాళ్ళు దాన్ని ఏమంటరో అడిగి రాసుకో. ఈ ఉత్తరంతో నీ చివరి పేజీ ఒక్కటే తిరిగి పంపుతున్న. మిగతా పదకొండు నా కాడనే ఉంచుకున్న.