మీరడిగారు: కరివేపాకు మీది ‘రోములస్’

ప్రశ్న: మా పెరటి కరివేపాకు మీద పెరిగిన గొంగళిపురుగుల్లోంచి తెల్ల చుక్కల నల్ల సీతాకోకచిలుకలు వచ్చాయి. ఒకదానికి మాత్రం ఎర్ర మచ్చలున్నాయి. ఫోన్‌లో వెతికితే రెండూ ‘రోములస్’ అంటోంది. పోర్ట్ బ్లెయిర్‌లో ఉంటున్న మా తమ్ముడు వాళ్ల దగ్గరిది వేరే ఉపజాతి అంటున్నాడు. ఏది నిజం? పురుగుమందు కొట్టమంటారా?
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: మీ తమ్ముడు చెప్పింది నిజం. ఫోన్‌దీ తప్పు కాదు. మీరు చూసింది కామన్ మోర్మన్, అంటే పాపిలియో పాలిటెస్. మన దగ్గర ఉండే ఉపజాతి రోములస్, అండమాన్‌లో స్టికియోయిడిస్, నికోబార్‌లో నికోబారస్. మధ్యలో సముద్రం ఉండటంతో ఎక్కడివక్కడ కాస్త తేడాగా తయారయ్యాయి. ఫిలిప్పీన్స్‌ వాటినైతే కొందరు ఉపజాతి అంటారు, కొందరు ఏకంగా వేరే జాతిలో వేస్తారు. ఈ తగువు ఇప్పట్లో తేలేది కాదు.

మీ ఎర్ర మచ్చలది మాత్రం ఉపజాతి సంగతి కాదు. అది ఆడది. ఈ జాతిలో మగవన్నీ ఒకేలా ఉంటాయి, ఆడవి మాత్రం మన దగ్గర మూడు వేషాల్లో తిరుగుతాయి. ఒకటి అచ్చం మగదానిలా ఉంటుంది. ఒకటి కామన్ రోజ్, ఇంకొకటి క్రిమ్సన్ రోజ్ అనే వేరే సీతాకోకచిలుకలను అనుకరిస్తాయి. ఈ మూడో వేషానికీ రోములస్ అనే పేరు పెట్టారు, తికమకంతా అక్కడే! 1758లో, జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ అంతటివాడే మగదాన్నీ ఎర్ర మచ్చల ఆడదాన్నీ రెండు జాతులుగా రాశాడు, ఇక మీరెంత, నేనెంత.

రోజ్‌ల గొంగళిపురుగులు ఈశ్వరి తీగ, గాడిదగడపాకు తిని ఆ విషాన్ని ఒంట్లో దాచుకుంటాయి. అందుకే పిట్టలు వాటి జోలికి పోవు. కరివేపాకు తిని పెరిగిన మన మోర్మన్‌కు ఆ విషం లేదు, వేషం ఒక్కటే ఉంది. క్రిమ్సన్ రోజ్ ఎగిరేది భారత్, శ్రీలంకల్లో. ఆ వేషం కూడా ఇక్కడే కనిపిస్తుంది, మలేసియా వైపు ఉండదు. అక్కడ నకలు చేయడానికి అసలు ఏదీ?

ఈ వేషాన్ని నడిపేది ‘డబుల్‌సెక్స్’ అనే జన్యువని బెంగళూరులో పనిచేసే శాస్త్రవేత్త కృష్ణమేఘ్ కుంటే, ఆయన అమెరికా సహచరులు 2014లో తేల్చారు. మగవాటిలోనూ అది ఉంటుంది కానీ పైకి కనబడదు. అందుకే మగదానిలా ఉన్న తల్లికి ఎర్ర మచ్చల కూతురు పుట్టవచ్చు, మచ్చ తండ్రి తరఫు నుంచి వస్తుంది. ఈసారి ఎర్రది కనిపిస్తే ఒళ్లు చూడండి. రోజ్‌కు ఒళ్లూ ఎర్రగానే ఉంటుంది, మోర్మన్‌కు నల్లగా ఉంటుంది.

మందు మాత్రం కొట్టకండి. ఆ ఆకు పోపులో వేసుకునేది మీరే. మొక్క చిన్నదైతే పురుగులను ఆకుతో సహా తుంచి నిమ్మచెట్టు మీద వదలండి, అదీ తింటాయి. ముట్టుకుంటే తల వెనక నుంచి ఎర్రటి కొమ్ములు చాచి ఘాటు వాసన వదులుతాయి. కుట్టవు, కరవవు. రెట్టలా కనిపించేవి కూడా చాలావరకు వాటి పిల్లలే, దులిపేసే ముందు ఓసారి చూడండి.