డేటా పోకుండా సీ డ్రైవ్‌ను రెండుగా విడగొట్టడం ఎలా?

1 టీబీ డిస్క్ మొత్తం సీ డ్రైవ్‌గానే ఉంది, ఫొటోలు పోకుండా డీ డ్రైవ్ చేసుకోవచ్చా అని అడిగారు. చేసుకోవచ్చు. ఫార్మాట్ చేయక తప్పదని షాపులో ఎవరైనా అంటే నమ్మకండి.

ముందు మాత్రం ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి బ్యాకప్ తీయండి. పని మధ్యలో కరెంటు పోతే డేటాకు ముప్పే. హైదరాబాద్‌లో ఎండాకాలం గాలివాన సంగతి తెలిసిందేగా! డెస్క్‌టాప్‌కైతే యూపీఎస్ ఉండాలి, ల్యాప్‌టాప్‌కైతే ఛార్జర్ తీయొద్దు. బిట్‌లాకర్ (డిస్క్‌లోని డేటాకు తాళం వేసే విండోస్ ఫీచర్) ఆన్‌లో ఉంటే రికవరీ కీ రాసిపెట్టుకోండి.

విండోస్‌లోని డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీ మీద రైట్ క్లిక్ చేసి ష్రింక్ వాల్యూమ్ నొక్కండి. సైజు ఎంబీల్లో అడుగుతుంది, 400 జీబీకి 409600 అని కొట్టాలి. ఖాళీ అయిన చోట న్యూ సింపుల్ వాల్యూమ్ ఇస్తే డీ వచ్చేస్తుంది.

చాలామంది ఇరుక్కునేది ఇక్కడే: సీలో సగం ఖాళీగా ఉన్నా విండోస్ కొంచెమే తగ్గిస్తానంటుంది. పేజ్ ఫైల్, హైబర్నేషన్ ఫైల్, రీస్టోర్ పాయింట్ల లాంటి విండోస్ సొంత ఫైళ్లు డిస్క్ మధ్యలో తిష్ట వేసుకుని ఉంటాయి, ష్రింక్ వాటిని కదపలేదు. టెన్షన్ వద్దు. వాటిని తాత్కాలికంగా ఆపి, రీస్టార్ట్ చేసి మళ్లీ ప్రయత్నించండి. రీస్టోర్‌ ఆపితే పాత పాయింట్లు పోతాయి, మీ ఫైళ్లకు ఏమీ కాదు.

రేపు డీ తగ్గించి సీ పెంచాలంటే ఇంత తేలిక కాదు. ఖాళీ జాగా సీకి వెంటనే కుడిపక్కన ఉంటేనే ఎక్స్‌టెండ్ పనిచేస్తుంది. డీని ష్రింక్ చేస్తే ఖాళీ దాని చివర వస్తుంది. అప్పుడు పెన్‌డ్రైవ్ నుంచి జీపార్టెడ్ అనే డ్రైవ్‌లను మార్చే టూల్‌ను బూట్ చేసి డీని పక్కకు జరపాలి, దానికి గంటలు పట్టొచ్చు.