ఢిల్లీ నంబర్ ఆడి, పాలమూరు ఖర్చు

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. ఎరువుల దుకాణం ఉంది. మా అబ్బాయికి పద్దెనిమిదేళ్లు నిండాయి, హైదరాబాద్‌లో బీటెక్ మొదటి ఏడాది. కన్వీనర్ కోటాలో సీటు రావడంతో చదువు కోసమని ఎఫ్‌డీలో వేసిన 9 లక్షలు అలాగే ఉన్నాయి. వాడికి స్పోర్ట్స్ కారు మోజు. 2012 మోడల్ ఆడి టీటీ, ఢిల్లీ నంబర్‌ది, 13 లక్షలకు వస్తుందంటున్నాడు. తక్కువ పడే 4 లక్షలు తెలిసినవాళ్ల దగ్గర రూపాయిన్నర వడ్డీకి దొరుకుతాయి. కొత్తలో అరకోటి దాకా పలికిన బండి కదా, కొనొచ్చా?

జవాబు: కొనొద్దు. కొత్తలో అరకోటి అన్నది మీకు లాభంలా కనిపిస్తోంది, నాకు అక్కడే భయం. ఇన్నేళ్లలో బండి ధర పడిపోయింది గానీ దాని పార్టుల ధర పడిపోలేదు. హెడ్‌లైట్ పగిలినా, గేర్‌బాక్స్ మొరాయించినా మీ చేతికొచ్చేది అరకోటి బండి బిల్లే. రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్ అది. బాగున్నంత కాలం వెన్నలా నడుస్తుంది. పాడైతే విప్పగలిగే మెకానిక్ మన దగ్గర దొరకడం కష్టం. బండిని లారీకి ఎక్కించి వంద కిలోమీటర్లు హైదరాబాద్ తీసుకుపోవాలి.

మిర్యాలగూడ వైపు నాకు తెలిసిన ఒకాయన రైస్ మిల్లులో ఇలాంటి రెండు తలుపుల బండినే చూశాను. ఊళ్లో స్పీడ్ బ్రేకర్‌ తగిలి ఆయిల్ చాంబర్ పగిలిందట. పార్టు వచ్చేదాకా ఉండనీ అని షెడ్డులో పెట్టి టార్పాలిన్ కప్పారు. నేను పోయేసరికి దాని మీద వేలెడు మందాన ఊక దుమ్ము. నాలుగు టైర్లూ గాలి దిగి నేలకు అతుక్కుపోయాయి. బానెట్ ఎత్తితే ఎలుక గూడు, కొరికేసిన వైర్లు. కొడుకు బైక్ మీదే కాలేజీకి పోతున్నాడు. తండ్రి మాత్రం నెలనెలా కిస్తీ కడుతూనే ఉన్నాడు.

ఇక ఆ ఢిల్లీ నంబర్ సంగతి. ఢిల్లీ చుట్టుపక్కల డీజిల్ బండికి పదేళ్లు, పెట్రోల్ బండికి పదిహేనేళ్లు అని 2015, 2018ల్లో కోర్టులు హద్దు పెట్టాయి. ఆ గడువు దగ్గరపడ్డ బండ్లు ఇటువైపు చౌకగా దిగుతుంటాయి. ఎన్‌ఓసీ తెచ్చి ఇక్కడ టీజీ నంబర్ వేయించాలంటే మన దగ్గర లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. అమ్మేవాళ్లు చెప్పే 13 లక్షల్లో అది ఉండదు. ఆర్టీఏ ఆఫీసులో ఆ లెక్క కట్టించుకోకుండా ఎవరికీ అడ్వాన్స్ ఇవ్వకండి. పైగా 2012 బండికి 2027తో పదిహేనేళ్ల రిజిస్ట్రేషన్ అయిపోతుంది. ఫిట్‌నెస్ చూపించి ఇంకో ఐదేళ్లకు రెన్యువల్ చేయించాలి. 2022 ఏప్రిల్‌లో కేంద్రం పెంచిన ఫీజుల ప్రకారం మామూలు కారుకు అది 5,000. విదేశం నుంచి దిగుమతైన కారుకు 40,000. ఇది దిగుమతి బండే.

ఇన్సూరెన్స్ దగ్గర ఒక్క మాట. ‘పాలసీ నడుస్తోంది, 50 శాతం నో క్లెయిమ్ బోనస్ ఉంది’ అని మధ్యవర్తి ఊరిస్తాడు. క్లెయిమ్ చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే ఆ తగ్గింపు బండిది కాదు, పాత ఓనర్‌ది. ఆయన వెంటే పోతుంది, మీరు సున్నా నుంచి మొదలుపెట్టాలి. పేరు మార్పించుకోకుండా పాత పాలసీతోనే తిరిగితే మీ బండి డ్యామేజీ క్లెయిమ్ నిలబడదు.

రూపాయిన్నర వడ్డీ అంటే 4 లక్షలకు నెలకు 6,000, ఏడాదికి 72,000. వానాకాలంలో అరువు పోయిన ఎరువుల సొమ్ము పత్తి అమ్ముడైతే గానీ తిరిగి రాదని నాకంటే మీకే బాగా తెలుసు. ఆ నాలుగైదు నెలలు ఈ వడ్డీ ఏ గల్లాలోంచి తీస్తారు?

అలాగని అబ్బాయి మోజును కొట్టిపారేయను. ఆర్‌ఎక్స్ 100 కొనివ్వలేదని మా నాన్నతో మూడు నెలలు మాట్లాడకుండా తిరిగినవాణ్ని నేను. తనకు కావాల్సింది నడపడంలో మజా అయితే 2020లో వచ్చిన ఫోక్స్‌వ్యాగన్ పోలో ఒక లీటరు టర్బో పెట్రోల్, మాన్యువల్ గేర్లది చూడండి. 110 పీఎస్ పవర్, ఆ చిన్న బండికి అది చాలా ఎక్కువే. ఇంజన్ 999 సీసీ కాబట్టి 2022లో పెట్టిన రేట్ల ప్రకారం థర్డ్ పార్టీ ప్రీమియం 2,094. ఆడికైతే 1500 సీసీ దాటిన లెక్కన 7,897. రెండింటికీ పైన జీఎస్టీ. 7 లక్షల లోపు మంచి బండి వస్తే తీసుకోండి, అప్పు అక్కర్లేదు. మిగిలిన 2 లక్షలు ఎఫ్‌డీలోనే ఉంచండి. ఫీజులున్నాయి, మొదటి ఏడాది బంపర్‌కు పడే గీతలున్నాయి. అదీ ఎక్కువనిపిస్తే స్విఫ్ట్. పాలమూరులో ఏ షెడ్డుకు తీసుకెళ్లినా చేసిస్తారు.

ఏ బండి కొన్నా పర్మనెంట్ లైసెన్స్ వచ్చేదాకా తాళం మీ దగ్గరే ఉండాలి. లైసెన్స్ లేని చేతుల్లో బండి ఎవరికైనా తగిలితే, ఇన్సూరెన్స్ కంపెనీ బాధితులకు పరిహారం కట్టి, ఆ మొత్తాన్ని ఓనర్ దగ్గర వసూలు చేసుకోవచ్చు. ఓనర్ మీరే కదా.

ఇంత చెప్పినా అబ్బాయి ఒప్పుకోకపోతే వాదించకండి. ఆ ఆడి ఛాసిస్ నంబర్ రాసిచ్చి, హైదరాబాద్ సర్వీస్ సెంటర్‌లో గేర్‌బాక్స్‌కు, ఒక హెడ్‌లైట్‌కు, నాలుగు టైర్లకు కొటేషన్ తెమ్మనండి. మీరు వెంట పోవద్దు. తనే అడిగి, తనే తెచ్చి, మీకు చదివి వినిపించాలి.