నాన్నగారి రికార్డుల కోసం ఎఫ్‌డీ తీయాలా?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. నాన్నగారు దాచిన 140 ఎల్‌పీలు, నిమిషానికి 78 సార్లు తిరిగే పాత రికార్డులు (78లు) ఓ ఇరవై నా దగ్గరున్నాయి. నాలుగేళ్ల కిందట కొన్న ఆడియో టెక్నికా ఎల్‌పీ120ఎక్స్ టర్న్‌టేబుల్ (రికార్డు ప్లేయర్) మీద రోజూ రాత్రి గంటసేపు వింటాను. ఈమధ్య ‘స’, ‘ష’ చిరిగినట్టు వినిపిస్తున్నాయి. ప్రతి వైపూ ఆఖరి పాట మరీ బొంగురుగా ఉంటోంది. కొత్త టర్న్‌టేబుల్, యాంప్లిఫయర్, స్పీకర్లు కలిపి రూ.1,85,000 అవుతుందనీ, 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ ఇస్తామనీ షాపువాళ్లు చెప్పారు. జీతం 72,000. ఇంటి రుణం వాయిదా 21,000, ఇంటి ఖర్చు 37,000. ఎఫ్‌డీ 3 లక్షలు ఉంది. ఈఎంఐ తీసుకోనా, ఎఫ్‌డీ తీసేయనా?

జవాబు: ప్రస్తుతానికి రెండూ వద్దండీ. మీ ఉత్తరంలో ముల్లు మార్చినట్టు ఎక్కడా లేదు. రోజుకు గంట చొప్పున నాలుగేళ్లంటే 1,460 గంటలు. మీ టర్న్‌టేబుల్‌తో వచ్చిన వీఎం95ఈ కార్ట్రిడ్జ్ (ముల్లును పట్టుకునే చిన్న భాగం) ముల్లు ఎలిప్టికల్ రకం, అంటే కోలగా ఉండే మొన. దాని ఆయుష్షు సుమారు 300 గంటలని తయారీదారే చెబుతున్నారు. ‘స’ చిరగడం, లోపలి గాడుల దగ్గర, అంటే ఆఖరి పాటలో, బొంగురుపోవడం అరిగిన ముల్లుకు తెలిసిన లక్షణాలు. లక్షా ఎనభై అయిదు వేలు పెట్టే ముందు చూడాల్సింది ఇదే.

పాట చెడటం ఒక్కటే కాదు నా బాధ. అరిగిన ముల్లు గాడిని చెక్కేస్తుంది. టర్న్‌టేబుల్ ఎప్పుడైనా కొనుక్కోవచ్చు, నాన్నగారి రికార్డులు మళ్లీ కొనలేరు. మీ ఇంట్లో అసలు ఆస్తి అవే. కాబట్టి మొదటి రూపాయి వాటిని కాపాడే చోటికే వెళ్లాలి.

అదే కార్ట్రిడ్జ్‌లో ముల్లు ఒక్కటే లాగి వేరేది పెట్టుకోవచ్చు. మళ్లీ ఎలిప్టికలే కొంటే ఏడాది తిరగకముందే మార్చాలి. మైక్రోలీనియర్ రకం, అంటే ఎంఎల్, ఖరీదెక్కువే గానీ దాదాపు 1,000 గంటలు వస్తుంది. మీ వాడకానికి రెండున్నరేళ్ల పైమాటే. షాపులో రెండింటి ధర అడిగి, ఒకదాన్ని 300తో, మరోదాన్ని 1,000తో భాగించండి. గంటకు ఎంత పడుతుందో తేలుతుంది. తేడా కాస్త ఉన్నా నేను ఎంఎల్ వైపే మొగ్గుతాను, లోపలి గాడులను అది బాగా చదువుతుంది. దీంతోపాటు ముల్లు రికార్డు మీద మోపే బరువు చూసే చిన్న గేజ్, కార్బన్ ఫైబర్ బ్రష్ కొనండి. బరువు 2 గ్రాముల దగ్గర ఉంచండి. స్పీకర్లు టర్న్‌టేబుల్ ఉన్న బల్ల మీదే ఉంటే వేరు చేయండి, దానికి పైసా ఖర్చు లేదు. వీటన్నిటికీ 25,000 కేటాయించుకోండి. మీకు నెలకు మిగిలేది 14,000, అంటే రెండు నెలల మిగులు.

ఇక ఈఎంఐ. నెలకు 15,400 పైనే కట్టాలి, మీ మిగులే అంత లేదు. పైగా నో కాస్ట్ అంటే వడ్డీ లేదని కాదు. బ్యాంకు వడ్డీ వేస్తుంది, ఆ మేరకు ధరలో తగ్గింపు చూపిస్తారు. ఏడాదికి 15 శాతం లెక్కన మీ 1,85,000లో దాదాపు 14,200 వడ్డీయే. దానిపై 18 శాతం జీఎస్‌టీ, అంటే మరో 2,500 పైన, సాధారణంగా మీ నెత్తినే పడుతుంది. ప్రాసెసింగ్ ఫీజు వేరు. రేపు నిజంగా కొనేటప్పుడు మొత్తం ఒకేసారి ఇస్తానని చెప్పి ఆ తగ్గింపు అడగండి.

ఎఫ్‌డీని అసలు తాకకండి. వాయిదాతో కలిపి నెల ఖర్చు 58,000. అంటే ఆ 3 లక్షలు అయిదు నెలల ఊపిరి. 1,85,000 తీస్తే రెండు నెలలే మిగులుతుంది. గడువుకు ముందు తీస్తే వడ్డీ కూడా కోసేస్తారు.

కొత్త ముల్లుతో రెండు మూడు నెలలు వినండి. అప్పటికీ తృప్తి లేకపోతే నెలకు 5,000 రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టండి. 14 నెలల్లో 70,000, పైన వడ్డీ. దాంతో ముందు స్పీకర్లు మార్చండి, టర్న్‌టేబుల్ కాదు. మీది బరువు సర్దుకునే, కార్ట్రిడ్జ్ మార్చుకునే యంత్రం, ఇంకా చాలా ఏళ్లు పనిచేస్తుంది.

78 రికార్డుల గాడి వెడల్పు ఎక్కువ, వాటికి ఎస్‌పీ అనే వేరే ముల్లు కావాలి. అది కూడా మీ కార్ట్రిడ్జ్‌కే అమరుతుంది. లక్కతో చేసిన ఆ రికార్డులను స్పిరిట్‌తో తుడవకండి, పాడైపోతాయి. కొత్త ముల్లు చేతికొచ్చేదాకా మాత్రం ఇప్పుడున్న ముల్లుతో ఒక్క రికార్డు కూడా వేయకండి.