పాఠకుల ప్రశ్నలు: బేస్ గిటార్ బాడీకి కొత్త రంగు

ప్రశ్న: నా బేస్ గిటార్ నల్ల రంగుది. రంగు తీసేసి, చెక్క గీతలు కనబడేలా పాలిష్ పట్టించాలనుకుంటున్నాను. పెయింట్ రిమూవర్ రెండుసార్లు పూసి గంటసేపు ఉంచినా మెరుపు కూడా తగ్గలేదు. కారణమేమిటి?
– ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: రిమూవర్‌కు చలించలేదంటే మీ గిటార్ మీదున్నది పాలియెస్టర్ వంటి గట్టి పూత అయ్యుంటుంది. ఒకసారి గట్టిపడ్డాక అది తలుపులకు వాడే రిమూవర్‌కు కరగదు. ఇంకో డబ్బా కొనకండి.

ముందు తీగలు వదులు చేసి తీసేయండి. వెనక నాలుగు స్క్రూలు విప్పి నెక్ (తీగలు సాగే పొడవాటి కాడ) ఊడదీసి, అది కూర్చునే గుంటలోకి టార్చి వేసి చూడండి. అక్కడ రంగు పలచగా ఉంటుంది కాబట్టి చెక్క అతుకులు బయటపడతాయి. చవక గిటార్ల బాడీని బాస్‌వుడ్ (పేరు చూసి పొరబడకండి, బేస్‌కూ దానికీ సంబంధం లేదు), పాప్లార్ వంటి చెక్క ముక్కలు నాలుగైదు అతికించి చేస్తారు. పైన నల్ల రంగే కదా అని గీతలు కలిసే ముక్కలు ఏరరు. అలాంటిదానికి పాలిష్ వేస్తే చారలు చారలుగా కనబడుతుంది. అతుకులు ఎక్కువుంటే చెక్క దాకా వెళ్లొద్దనే మా సలహా. పాత పూతకు మించిన పునాది దొరకదు. 320 నంబరు ఎమరీతో మెరుపు పోయేదాకా రుద్ది, సొట్టలకు లప్పం పెట్టి, ప్రైమర్ కొట్టి, కొత్త రంగు వేసుకోండి.

చెక్క బాగుందనిపిస్తే హీట్ గన్, లప్పం బ్లేడు పట్టండి. ఆరుబయట, మాస్కు కట్టుకుని చేయాల్సిన పని. గన్ మూడంగుళాల దూరంలో కదుపుతూనే ఉండాలి, ఒకచోట ఆగితే చెక్క మాడుతుంది. పూత మెత్తబడి ఉబ్బగానే బ్లేడు పడుకోబెట్టి తోయండి, పెచ్చులుగా లేస్తుంది. అడుగున తేనె రంగులో గట్టి సీలర్ పొర మిగులుతుంది. అది వేడికి సరిగా రాదు. 80, 120, 180, 220 వరసలో చెక్క దిమ్మకు చుట్టిన ఎమరీతో రుద్దాల్సిందే. ఉత్త వేళ్లతో రుద్దితే గుంటలు పడతాయి, రంగు వేశాక వెలుతురులో అలల్లా కనిపిస్తాయి.

నెక్ గుంటను మాత్రం రుద్దకండి, అందులో రంగూ పడనీయకండి, టేపు అంటించండి. నాలుగు తీగల లాగుడు కలిపి దాదాపు 80 కిలోలు. అక్కడ కాగితమంత తేడా వచ్చినా నెక్ వాలు మారి తీగల ఎత్తు తప్పుతుంది. బ్రిడ్జి (బాడీ మీద తీగల కొనలు బిగించే లోహపు భాగం) కిందికి వచ్చే ఎర్త్ వైరు కొనను కూడా రంగు కప్పకూడదు. కప్పితే ఆంప్ గుయ్యిమంటూనే ఉంటుంది.

ప్రశ్న: నవంబరులో ఎన్.సి. (నైట్రోసెల్యులోజ్) లాకర్ స్ప్రే చేశాను. ఆరాక పాలు కలిపినట్టు తెల్లటి పొర కమ్మింది. మొత్తం గీకేయాలా?
– ఒక పాఠకురాలు, చిత్తూరు

జవాబు: అక్కర్లేదు. థిన్నర్ వేగంగా ఆవిరయ్యేటప్పుడు ఉపరితలం చల్లబడి, గాలిలో తేమ దానిమీద చేరింది. మన జిల్లాల్లో అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ముసురు పట్టే రోజుల్లో ఎన్.సి. వేస్తే జరిగేది ఇదే. పొడిగా ఉన్న రోజు మధ్యాహ్నం, నెమ్మదిగా ఆరే రిటార్డర్ థిన్నర్‌ను మాత్రమే మంచులా పలచగా కొట్టండి. పూత కాస్త కరిగి తేమ బయటికి పోతుంది, తెలుపు విరుగుతుంది. తొందరపడి ఎండలో పెడితే బుడగలొస్తాయి.

తర్వాత కనీసం మూడు వారాలు వేలాడదీసి వదిలేయండి. గోరు నొక్కితే అచ్చు పడకూడదు, ముక్కు దగ్గర పెడితే థిన్నర్ వాసన రాకూడదు. అప్పుడు సబ్బునీళ్లతో 1000, 1500, 2000 పేపర్లు, ఆపైన రబ్బింగ్ కాంపౌండ్. నీళ్లు పెట్టే ముందు స్క్రూ బెజ్జాల్లో కొవ్వొత్తి మైనం కూరండి. నీరు దిగితే చెక్క ఉబ్బి, బెజ్జం చుట్టూ పూత లేస్తుంది.

ప్రశ్న: బాడీ మీద 6 మి.మీ. ఎర్రచందనం పలక అతికించవచ్చా?
– ఒక పాఠకుడు, శ్రీకాళహస్తి

జవాబు: అటవీశాఖ పత్రాలు లేని ఎర్రచందనాన్ని ఇంట్లో ఉంచుకున్నా కేసే, ఆ ఆలోచన మానుకోండి. ఏ చెక్కయినా సరే, 6 మి.మీ. పెంచితే బ్రిడ్జి అంత ఎత్తు లేచి తీగలు నెక్‌కు అందనంత పైన నిలబడతాయి. పెంచినంత మందం బాడీ నుంచి ముందే చిత్రిక పట్టించాలి. అర మిల్లీమీటరు టేకు వినీర్ (పలచటి చెక్క పొర) అంటించి, ఎర్ర స్టెయిన్ పూస్తే ఈ బాధ లేదు.