పేగు జబ్బుంది, పిల్లల కోసం మందులు ఆపేయాలా?

ప్రశ్న: నా వయసు 29. నాలుగేళ్లుగా అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు) ఉంది. మెసాలమిన్, అజాథయోప్రిన్ వాడుతున్నాను. ఏడాదిగా రక్తం పడటం లేదు, విరేచనాలూ మామూలయ్యాయి. ఇప్పుడు పిల్లల కోసం ప్రయత్నిస్తున్నాం. ఈ మందుల వల్ల బిడ్డకు అవకరం వస్తుందని ఇంట్లో భయపడుతుంటే మూడు వారాల క్రితం రెండూ మానేశాను. ఇంతవరకు ఇబ్బందేమీ లేదు. ఈ జబ్బుతో గర్భం నిలుస్తుందా? బిడ్డకు కూడా ఇది వస్తుందా?
– ఒక పాఠకురాలు

జవాబు: మీరు రాసినదాంట్లో నాకు టెన్షన్ పెట్టింది మీ జబ్బు కాదు, మీకు మీరే మందులు మానేయడం. మూడు వారాల్లో ఏమీ కాలేదని ధైర్యపడకండి. అల్సరేటివ్ కొలైటిస్ మందులు ఆపిన కొన్ని వారాలకో, నెలలకో కూడా తిరగబెడుతుంది. సరిగ్గా అప్పుడే మీరు నెల తప్పితే చిక్కు.

గర్భం వచ్చే సమయానికి పెద్దపేగులో పుండ్లు మానిపోయి, జబ్బు అదుపులో ఉంటే చాలామందికి గర్భం అందరిలాగే సాగుతుంది. జబ్బు రేగి ఉన్నప్పుడు గర్భం వస్తేనే గర్భస్రావం, నెలలు నిండకుండా కాన్పు, బిడ్డ బరువు తక్కువగా ఉండటం వంటివి ఎక్కువగా చూస్తాం. అలా మొదలైనవాళ్లలో సుమారు మూడో వంతు మందికే తర్వాత తగ్గుతుంది. మిగతావాళ్లకు జబ్బు అలాగే కొనసాగుతుంది, లేదా ముదురుతుంది. రక్తహీనత తోడవుతుంది. కాళ్లలో రక్తం గడ్డకట్టే ముప్పు గర్భిణులకు ఎలాగూ కొంత ఉంటుంది, ఈ జబ్బు రేగితే అది ఇంకా పెరుగుతుంది. అంటే ఇంట్లోవాళ్లు మందుకు భయపడుతున్నారు, నిజానికి భయపడాల్సింది మందు మానితే వచ్చేదానికి.

మీరు వాడుతున్న రెండు మందులనూ సాధారణంగా గర్భంలోనూ కొనసాగిస్తాం. ఈ వారంలోనే మీ గ్యాస్ట్రోఎంటరాలజిస్టును కలవండి. మధ్యలో ఆపారు కాబట్టి రక్తపరీక్షలు చేసి, ఏ మోతాదులో మళ్లీ మొదలుపెట్టాలో చెబుతారు. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష కూడా చేయించండి. పైకి ఏ లక్షణమూ లేకున్నా లోపల వాపు ఉందేమో అది పట్టిస్తుంది. స్టెరాయిడ్ల అవసరం లేకుండా కనీసం 3 నెలలు, వీలైతే 6 నెలలు జబ్బు అదుపులో ఉన్నాక గర్భానికి వెళ్లడం మంచిది. ఈలోగా ఫోలిక్ యాసిడ్ మొదలుపెట్టి, హిమోగ్లోబిన్, ఐరన్, బి12, విటమిన్ డి చూపించుకోండి.

అన్ని మందులూ ఒకటి కాదు. పేగు జబ్బులకు కొందరు వాడే మెథోట్రెక్సేట్ బిడ్డకు నిజంగానే హాని చేస్తుంది. అది వాడేవాళ్లు గర్భానికి కనీసం 3 నెలల ముందే డాక్టర్ చెప్పినట్టు వేరే మందుకు మారాలి. టోఫాసిటినిబ్ వంటి కొత్త మాత్రలకూ దూరంగా ఉండమంటాం. ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ ఇంజెక్షన్లు మాత్రం కొనసాగించవచ్చు. కాకపోతే వాటిని వాడిన తల్లులు కాన్పవగానే పిల్లల డాక్టరుకు ఆ సంగతి చెప్పాలి, ఎందుకంటే బీసీజీ, రోటావైరస్ వంటి టీకాలు ఎప్పుడు వేయాలన్నది దాన్నిబట్టి మారుతుంది. భర్తకు ఈ జబ్బున్నవాళ్లూ అడుగుతుంటారు: సల్ఫాసలజీన్ అనే మందుతో వీర్యకణాలు తగ్గవచ్చు, మందు మారిస్తే మళ్లీ పెరుగుతాయి.

బిడ్డకు వస్తుందా అంటే, తల్లిదండ్రుల్లో ఒక్కరికే ఉన్నప్పుడు నూటికి సుమారు 95 మంది పిల్లలకు రాదు. ఇద్దరికీ ఉంటే ముప్పు బాగా పెరుగుతుంది. సాధారణ కాన్పుకూ మీ జబ్బు అడ్డు కాదు. పేగులకు వచ్చే ఇలాంటి మరో జబ్బు క్రోన్స్ వ్యాధితో మలద్వారం చుట్టూ ఫిస్టులాలు (చీము కారే దారులు) ఉన్నవాళ్లకు ముఖ్యంగా సిజేరియన్ చెబుతాం. పెద్దపేగు తీసేసి లోపల చిన్నపేగుతో చేసిన సంచి (పౌచ్) అమర్చినవాళ్లకు కూడా ఆ ఆలోచన చేస్తాం. గ్యాస్, ఉబ్బరం, కాసేపు మలబద్ధకం కాసేపు విరేచనాలతో బాధపడే ఐబీఎస్ వేరే సంగతి, అందులో పేగుకు పుండ్లు పడవు. ఈ రెండింటినీ ఒకటే అనుకుని కంగారుపడేవాళ్లు చాలామంది.

నెల తప్పాక గైనకాలజిస్టు, గ్యాస్ట్రో డాక్టరు ఇద్దరి దగ్గరా చూపించుకోండి, ఒకరు రాసిన మందు ఇంకొకరికి తెలియాలి. నొప్పికి ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ సొంతంగా వేసుకోవద్దు. గర్భిణుల్లో మొలలు మామూలే, కానీ మలంలో రక్తం కనిపిస్తే మీరు మాత్రం ‘మొలలేలే’ అని ఊరుకోకుండా వెంటనే వెళ్లండి. అవసరమైతే గర్భంలోనూ సిగ్మాయిడోస్కోపీ (సన్నని గొట్టంతో పెద్దపేగు చివరి భాగాన్ని చూసే పరీక్ష) చేయవచ్చు.