రెండు 'ఘర్'లూ ఒకేలా ఉన్నా షీట్‌లో ఎందుకు దొరకట్లేదు?

ప్రశ్న: మాది నల్గొండ జిల్లాలో ఒక తండా. ఉద్యోగం బెంగళూరులో. మా లంబాడీ మాటలనూ, ఇక్కడ పరిచయమైన కర్ణాటక విజయపుర, మహారాష్ట్ర తండాలవాళ్ల మాటలనూ పక్కపక్కన పెట్టి నిఘంటువు చేస్తున్నాను. గూగుల్ షీట్స్‌లో ప్రాంతానికో కాలమ్ పెట్టాను. ఇల్లు అనే అర్థంలో 'ఘర్' కోసం ఫిల్టర్ చేస్తే సగం వరుసలే వస్తున్నాయి. సాఫ్ట్‌వేర్ మార్చాలా?
ఒక పాఠకురాలు, మారతహళ్లి

జవాబు: ఇప్పుడే మార్చకండి. దొరికిన 'ఘర్' పక్కనా, దొరకని 'ఘర్' పక్కనా గడిలో ఎన్ని అక్షర సంకేతాలున్నాయో లెక్కపెట్టే లెన్ ఫార్ములా వేసి చూడండి. ఒకదానికి 3, ఇంకోదానికి 4 వస్తే దొంగ దొరికినట్టే. పదం చివర పొల్లు పడగానే కొన్ని ఫోన్ కీబోర్డులు కంటికి కనపడని అక్షరం ఒకటి చేరుస్తాయి. దాని పేరు జీరో విడ్త్ నాన్ జాయినర్. సబ్‌స్టిట్యూట్ ఫార్ములాలో యూనిచార్(8204) ఇచ్చి, దాని బదులు ఖాళీ కొటేషన్లు పెడితే పోతుంది.

అసలు చిక్కు లిపులది. లంబాడీని మన దగ్గర తెలుగులో, కర్ణాటకలో కన్నడలో, మహారాష్ట్రలో దేవనాగరిలో రాస్తారు. కన్నడ నుంచి తెలుగుకు మార్చడం తేలికే. ప్రతి అక్షరానికీ కంప్యూటర్ వాడే నంబర్ల పట్టిక యూనికోడ్‌లో మన 'క'కీ కన్నడ 'క'కీ సరిగ్గా 128 స్థానాల తేడా, మిగతా అక్షరాలు దాదాపు అన్నిటికీ అంతే. దేవనాగరి దగ్గరే జాగ్రత్త. మరాఠీ అలవాటులో 'ఘ', 'ర' అని రాసి 'ఘర్' అని చదువుతారు. కన్వర్టర్‌కి ఆ సంగతి తెలియకపోతే 'ఘర' అని ఇస్తుంది. అది వట్టి రాత అలవాటు. మీ నిఘంటువులో మాత్రం కొత్త మాండలిక రూపంలా కూర్చుంటుంది! పైగా ఎ-ఏ, ఒ-ఓ తేడాలను దేవనాగరిలో మామూలుగా చూపించరు. అక్కడ పలికింది కురచా పొడుగా అన్నది చెవే తేల్చాలి.

అందుకే ప్రతి మాటా రికార్డు చేయండి. వాట్సాప్ వాయిస్ నోట్ వద్దు, అది ధ్వనిని కుదించేస్తుంది. రికార్డర్ యాప్‌లో వేవ్ ఫార్మాట్, 44.1 కిలోహెర్ట్జ్, 16 బిట్, మోనో పెట్టుకుంటే నిమిషానికి 5 ఎంబీ చాలు. ఫ్యాన్ ఆపి, ఒక్కో మాట మూడుసార్లు చెప్పించండి.

ప్రాంతానికో కాలమ్ పద్ధతి మాత్రం మానేయండి. ఒకే తండాలో అమ్మను ఒకరు 'యాడి' అని, ఇంకొకరు మరోలా అంటే రెండూ ఒకే గడిలో ఇరుక్కుంటాయి, ఎవరు ఏమన్నారో పోతుంది. విన్న ఒక్కో రూపానికి ఒక వరుస ఇవ్వండి: అర్థం నంబరు (ఒకే అర్థమున్న మాటలన్నిటికీ ఒకటే), విన్నది విన్నట్టు రాత, తండా, చెప్పినవారి వయసు, ఆడియో ఫైలు పేరు. వీటిలో ఏది 'సరైన' రూపమో తేల్చే పని దయచేసి పెట్టుకోకండి. మీ పని విలువంతా ఆ తేడాల్లోనే ఉంది.

షీట్ మోయలేనంత పెరిగాక భాషల మీద పనిచేసే ఎస్‌ఐఎల్ సంస్థ వాళ్ల నిఘంటువు సాఫ్ట్‌వేర్ ఫీల్డ్‌వర్క్స్ చూడండి. ఉచితం, విండోస్‌లో నడుస్తుంది. ఒకే పదాన్ని మూడు లిపుల్లో ఉంచి, రూపాంతరాలను దానికి జోడిస్తుంది. భాష కోడ్ అడిగితే ఎల్‌ఎమ్‌ఎన్ అని ఇవ్వండి, లంబాడీకి అంతర్జాతీయంగా ఉన్న కోడ్ అదే.